రహస్య ముద్ర: 1889 చట్టం నుంచి విశాఖ ఫైళ్ల దాకా

ఆర్కే బీచ్‌లో ఒడ్డుకెక్కించిన కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. ఆ రోజుల్లో దాని లోపలి అమరిక బయటివాళ్ల కంట పడేది కాదు. 2002 నుంచి టికెట్టు కొన్నవాళ్లెవరైనా టార్పెడో గొట్టాల పక్కగా నడిచి రావచ్చు. జలాంతర్గామికి విరమణ తేదీ ఉంది. రహస్య ముద్ర పడిన ఫైలుకు మాత్రం అలాంటి తేదీ ఆచరణలో లేదు. ఎందుకు లేదో తెలియాలంటే వలస పాలన నాటికి వెళ్లాలి.

1889లో బ్రిటన్ తనకోసం అధికార రహస్యాల చట్టం చేసుకుని, అదే ఏడాది ఇక్కడా ఒకటి తెచ్చింది. కర్జన్ కాలంలో, 1904లో, దాని పరిధిని సైనిక విషయాల నుంచి పౌర పాలనకూ పెంచారు. గోఖలే శాసనమండలిలో వ్యతిరేకించినా ఆగలేదు. తర్వాత వచ్చిన 1923 చట్టమే నేటికీ అమల్లో ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని సడలించలేదు సరికదా, 1967లో శిక్షలు పెంచారు. గూఢచర్యానికి సంబంధించిన 3వ సెక్షన్ కింద రక్షణ విషయాలైతే 14 ఏళ్ల దాకా, సమాచారాన్ని అనుమతి లేకుండా ఇచ్చినా పుచ్చుకున్నా 5వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.

అసలు లోపం ఒకటుంది. ఏది రహస్యమో ఈ చట్టం ఎక్కడా నిర్వచించలేదు. అత్యంత రహస్యం, రహస్యం, గోప్యం, పరిమితం అనే నాలుగు అంచెలూ చట్టంలోవి కావు, కార్యాలయ భద్రత కోసం హోంశాఖ ఇచ్చిన సూచనల్లోవి. తయారుచేసిన అధికారే కాగితానికి అంచె నిర్ణయిస్తాడు. ఫైల్లో ఒక్క కాగితం మీద పై అంచె ముద్ర ఉంటే, మామూలుగా ఫైలంతటికీ అదే వర్తిస్తుంది. కింది అంచె వేసి ఏదైనా బయటికి పొక్కితే అధికారి జవాబు చెప్పుకోవాలి, అవసరం లేని చోట పై అంచె వేస్తే అడిగేవాడు లేడు. రహస్యాలు పెరగడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు. ఈ చట్టాన్నే రద్దు చేసి, నిజంగా దేశభద్రతకు అవసరమైన నిబంధనలను వేరే చట్టంలో పెట్టమని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లో సిఫారసు చేసింది. అది కాగితం మీదే ఉండిపోయింది.

దాచక తప్పని రహస్యాలు విశాఖకు బాగా తెలుసు. అణు జలాంతర్గామి అరిహంత్ ఇక్కడే తయారై 2009 జులై 26న నీళ్లలోకి దిగింది. 2016లో దాన్ని నౌకాదళంలోకి తీసుకున్నప్పుడు ప్రకటనే లేదు. అది తొలి గస్తీ పూర్తిచేసిందని ప్రధాని 2018 నవంబర్‌లో చెప్పారు. రెండోదైన అరిఘాత్‌ను మాత్రం 2024 ఆగస్టు 29న విశాఖలో, రక్షణ మంత్రి సమక్షంలో బహిరంగంగానే చేర్చుకున్నారు. రియాక్టర్ వివరాలు, శబ్ద లక్షణాలు, గస్తీ మార్గాలు దాచాల్సినవే, అందులో సందేహం లేదు. అయితే 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు బయటపెట్టిన నౌకాదళ గూఢచర్యం కేసులో సమాచారం పోయింది సోషల్ మీడియా పరిచయాల ద్వారానని ఆరోపణ. ఆ వెంటనే నౌకాదళం స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. ముద్రలు ఎన్ని వేసినా ఈ దారి మూసుకోదు.

రెండో రకం రహస్యం దాచిపెట్టీ దాచిపెట్టీ చివరికి లేకుండా పోతుంది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడి వల్లేనని మన నౌకాదళం, ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడు వల్లేనని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. ఘాజీకి సంబంధించిన పాత నౌకాదళ రికార్డులను ఏనాడో నాశనం చేశారని 2010లో పత్రికల్లో వచ్చింది. 1993 ప్రజా రికార్డుల చట్టం 30 ఏళ్లు దాటి జాతీయ అభిలేఖాగారానికి చేరిన రికార్డులను పరిశోధకులకు చూపమంటుంది, కానీ ముద్ర లేనివాటినే. ముద్ర తీయాలా వద్దా అని ఐదేళ్లకోసారి పరిశీలించే పని 1997 నిబంధనలు ఒక అధికారికి అప్పగించాయి. ఎప్పుడూ ఇతర పనుల మధ్య ఉండే ఆ అధికారికి ఇది చివరి పనిగానే మిగులుతుంది. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలని రక్షణశాఖ 2021లో విధానం ప్రకటించింది. పోయిన కాగితాలను ఏ విధానమూ తిరిగి తేలేదు.

2005 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ఈ ముద్ర బలాన్ని కొంత తగ్గించింది. 22వ సెక్షన్ ప్రకారం పాత రహస్యాల చట్టంతో పేచీ వస్తే సమాచార హక్కు చట్టానిదే పైచేయి. గోప్యం అని రాసి ఉందన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించడం కుదరదు, 8వ సెక్షన్‌లోని ఏ మినహాయింపు వర్తిస్తుందో చెప్పాలి. అది సరైనదని రుజువు చేసే భారం అధికారిదే.

విశాఖలో చాలామంది పొరపడేది ఇక్కడే. నౌకాదళం ఈ చట్టం పరిధిలోనే ఉంది. విశాఖలోని ఎన్ఎస్‌టీఎల్ మాత్రం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ప్రయోగశాల, డీఆర్‌డీవో రెండో షెడ్యూలులో, అంటే ఈ చట్టం నుంచి మినహాయించిన సంస్థల జాబితాలో, ఉంది కనుక అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతావి అది ఇవ్వనక్కర్లేదు. రెండింటికీ ఒకే దరఖాస్తు రాస్తే ఫలితం ఉండదు. 20 ఏళ్లు దాటితే అన్నీ ఇచ్చేయాలన్నది మరో అపోహ. దేశభద్రత మినహాయింపు, అంటే 8(1)(ఎ), 20 ఏళ్ల తర్వాతా అలాగే ఉంటుంది.

రాంబిల్లి నేవీ స్థావరం కోసం భూమి ఇచ్చిన కుటుంబాలు పరిహారం లెక్కలు అడగాలంటే నేవీని కాకుండా రెవెన్యూ శాఖను అడగడం మేలు. భూసేకరణ అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు), లబ్ధిదారుల జాబితా, పునరావాస జీవోల నకళ్లు అక్కడివే. వాటికి జలాంతర్గామి రహస్యాలతో సంబంధం లేదు. రాష్ట్ర కార్యాలయాల్లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా తిరస్కరిస్తే, మరో 30 రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయాలి. ఫైల్లో కొంత భాగం నిజంగా రహస్యమైతే, 10వ సెక్షన్ కింద ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వమని మొదటి దరఖాస్తులోనే రాయాలి.