ఒకే గడ్డకు పుట్టిన కణాలు, తలో దారి

ఒకే ఎలుక రొమ్ములో పుట్టిన ఒకే క్యాన్సర్ గడ్డ. దాంట్లోంచి నాలుగు రకాల కణాలను వేరుచేసి ల్యాబ్‌లో విడివిడిగా పెంచారు. ఒక రకాన్ని మళ్ళీ ఎలుకకి ఎక్కిస్తే అక్కడే గడ్డ కడుతుంది తప్ప ఎక్కడికీ పోదు. రెండోది లింఫు గ్రంథుల దాకా పోయి ఆగిపోతుంది. మూడోది ఊపిరితిత్తులకు చేరుతుంది గానీ అక్కడ గడ్డ కట్టలేదు. నాలుగోది, దాని పేరు 4టీ1, ఊపిరితిత్తుల్లో ఏకంగా కాపురమే పెట్టేస్తుంది. అన్నీ ఒక తల్లి పిల్లలే, మరి ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

2004లో అమెరికాలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌లో, రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబ్‌లో పనిచేస్తున్న జింగ్ యాంగ్, ఆమె సహచరులు ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. జన్యువు ఉందా లేదా అని కాదు, ఏ జన్యువు ఎంత జోరుగా పనిచేస్తోందని. దూరం పోయే కణాల్లో ట్విస్ట్ అనే జన్యువు బాగా ఆన్‌లో ఉంది. 4టీ1లో దాన్ని అణిచేస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు బాగా తగ్గిపోయాయి, రొమ్ములోని గడ్డ మాత్రం ఎప్పటిలాగే పెరిగింది. మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే: పెరగడం వేరు, పాకడం వేరు. "గడ్డ ఎంత సైజుంది?" అని చుట్టాలంతా అడుగుతారు, సైజుకి విలువ లేదని కాదు, డాక్టర్లూ చూస్తారు, కానీ ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ రెండో పనే.

ఈ ట్విస్ట్ క్యాన్సర్ కోసం పుట్టింది కాదు. మగ్గిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో మొదట దొరికింది. పిండంలో ఒక వరస కణాలు లోపలికి దిగి కండరాలు అవ్వాలి, ఈ జన్యువు చెడితే అవి దిగవు, పిండం గుడ్డులో మెలితిరిగిపోతుంది, అందుకే ఆ పేరు. స్నెయిల్ అని దీనికో జోడీ ఉంది. మనం అమ్మ కడుపులో ఉన్నప్పుడూ ఇలాంటివే పనిచేశాయి, వెన్ను వైపు పుట్టిన కొన్ని కణాలు మొహం దాకా నడిచొచ్చి దవడ ఎముకలు కట్టాయి. పని అయ్యాక చాలా చోట్ల స్విచ్ ఆగిపోయింది. క్యాన్సర్ కణం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, అటక మీది పాత సామాను దించుకుంది, అంతే.

దించుకుని ఏం చేస్తుంది? పాల నాళాల గోడలో కణాలు ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌తో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. స్నెయిల్, జెబ్1 లాంటి జన్యువుల నుంచి తయారయ్యే ప్రోటీన్లు ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువు ముందున్న డీఎన్ఏ ముక్క మీద కూర్చుని కణం దాన్ని చదవకుండా అడ్డుకుంటాయి. పట్టు సడలుతుంది, కణం సాగుతుంది, కదులుతుంది. కొన్ని గడ్డల్లో అదే చోట డీఎన్ఏకి మిథైల్ అనే చిన్న రసాయన ముక్కలు అంటుకుని జన్యువు మూతపడుతుంది. రెండిట్లోనూ డీఎన్ఏ అక్షరం ఒక్కటి కూడా మారదు.

ఈ జెబ్1కి ఒక విరోధి ఉంది, మైక్రో ఆర్ఎన్ఏ-200 కుటుంబం. ఇవి చాలా చిన్న ఆర్ఎన్ఏ తునకలు, ఒక్కోటి ఇరవై పైచిలుకు అక్షరాలే. ఇవి జెబ్1ని అణుస్తాయి, జెబ్1 వీటిని అణుస్తుంది, ఒక ఒరలో రెండు కత్తులు. ఈ సంగతి 2008లో బయటపడింది. కణం అంటుకుని ఉండటమో, కదలడమో, ఏదో ఒక వైపు ఒరుగుతుంది, కదిలాక మళ్ళీ అంటుకునే వైపు తిరిగి రావడం కూడా సాధ్యమే.

ఆ తిరిగి రావడంలోనే చిక్కంతా ఉంది. దూరంగా పెరిగిన రెండో గడ్డని పరీక్షిస్తే చాలాసార్లు ఈ-క్యాడ్‌హెరిన్ నిక్షేపంగా కనిపిస్తుంది! 2012లో జింగ్ యాంగ్ బృందమే ఎలుకల చర్మ క్యాన్సర్‌లో ట్విస్ట్‌ని మందుతో ఆన్, ఆఫ్ చేసి చూసింది. ఆన్ చేస్తే కణాలు రక్తంలోకి దిగాయి, కానీ చేరిన చోట గడ్డ కట్టాలంటే దాన్ని ఆపాల్సి వచ్చింది. ప్రయాణానికి ఒక వేషం, కాపురానికి ఇంకో వేషం. కాబట్టి "ట్విస్ట్‌ని ఆపే మందు కనిపెడితే పోలా" అనుకోవడానికి లేదు, అప్పటికే కణాలు ఇల్లు దాటి ఉంటే వాటికి మనమే స్థలం చూపించినట్టవుతుందేమో. 2019లో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆండ్రూ యూవాల్డ్ బృందం రొమ్ము క్యాన్సర్ ఎలుకల్లో ఈ-క్యాడ్‌హెరిన్‌నే తీసేసింది. కణాలు చుట్టుపక్కలకి ఇంకా ఎక్కువగా చొచ్చుకుపోయాయి, కానీ దారిలో ఎక్కువ చచ్చాయి, దూరాన గడ్డలు తగ్గాయి. ఇది కూడా అన్నిటికీ వర్తించదు. లోబ్యులర్ అనే రొమ్ము క్యాన్సర్ రకంలో ఈ ప్రోటీన్ మామూలుగానే పోయి ఉంటుంది, కణాలు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి పోతాయి, చేతికి గడ్డలా తగలకపోవచ్చు కూడా, అయినా అది పాకుతుంది.

రక్తంలో ఒంటరిగా కాకుండా గుంపుగా పోయే కణాలు ఇంకా ప్రమాదం. స్విట్జర్లాండ్‌లో నికొలా అచెటో బృందం 2019లో చూపించిందేంటంటే, గుంపుగా ఉన్నప్పుడు మూలకణాల జన్యువులకి సంబంధించిన చోట్ల మిథైల్ తాళాలు ఊడి ఉంటాయి, గుంపుని విడదీస్తే ఆ తాళాలు మళ్ళీ పడతాయి. విడదీసే మందుల్లో ఒకటి గుండెకి ఎప్పట్నుంచో వాడుతున్న డిగాక్సిన్. 2025లో తొమ్మిది మంది రోగుల మీద చిన్న పరీక్ష ఫలితాలు వచ్చాయి, రక్తంలో గుంపుల సైజు కాస్త తగ్గింది. గుంపు తగ్గితే ఆయుష్షు పెరుగుతుందా అన్నది తొమ్మిది మందితో తేలేది కాదు. మెడికల్ షాపుకి పరిగెత్తకండి, ఈ మందు మోతాదు కొంచెం ఎక్కువైనా గుండె లయ తప్పుతుంది.