ఎముకలో నలుసు: లోహపు కీళ్ల వెనుక కథ

తుంటి కీలు మార్పిడి జరిగి పదేళ్లయింది. నొప్పి లేదు, నడక బాగుంది. మామూలు చెకప్‌లో తీసిన ఎక్స్‌రేలో మాత్రం తొడ ఎముకలోకి దించిన లోహపు కాడ చుట్టూ నల్లటి ఖాళీలు కనిపిస్తాయి. అక్కడ ఉండాల్సిన ఎముక లేదు. ఇన్ఫెక్షన్ ఆనవాళ్లు లేవు, దెబ్బ తగల్లేదు. మరి ఎముక ఎటు పోయింది? ఆర్థోపెడిక్ డాక్టర్లను దశాబ్దాలపాటు వేధించిన ప్రశ్న ఇది. కారణం కంటికి ఆనని నలుసులు. ఆ సంగతి తేలేలోపు నింద చాలాకాలం వేరే దానిమీద పడింది.

ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్లీ అనే సర్జన్ 1950ల చివర్లో అరిగిపోయిన తుంటికి కొత్త కీలు తయారుచేశారు. లోహపు బంతి, దాన్ని పట్టుకునే టెఫ్లాన్ గిన్నె. టెఫ్లాన్ నున్నగా జారుతుంది, శరీరానికి హాని చేయదని అందరి నమ్మకం. దాదాపు 300 మందికి అమర్చారు. కానీ మూడేళ్లు తిరగకముందే గిన్నెలు అరగడం మొదలైంది. మళ్లీ కోసి చూస్తే కీలు చుట్టూ జున్నులాంటి ముద్దలు, తినేసినట్టున్న ఎముక. చార్న్లీ అప్పుడు చేసిన పని వైద్యచరిత్రలో నాకు మరపురాని ఘట్టం. సన్నటి పొడిగా చేసిన టెఫ్లాన్‌నూ, కొత్తగా చేతికొచ్చిన పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌నూ తన తొడలోకే ఎక్కించుకున్నారు. తొమ్మిది నెలల తర్వాత తడిమి చూస్తే పాలిథిలిన్ జాడ తెలియలేదు. టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు తేలాయి. 1963లో ఆ ఫలితాన్ని లాన్సెట్ పత్రికలో రాశారు. అంతకుముందే, 1962 నవంబరు నుంచి, పాలిథిలిన్ గిన్నెలు వాడటం మొదలుపెట్టారు. తుంటి మార్పిడి ఇన్ని లక్షలమందికి అందుబాటులోకి రావడానికి పునాది ఆ మార్పే.

ముద్దగా ఉన్నప్పుడు శరీరం పట్టించుకోని వస్తువు, పొడి అయ్యాక శత్రువుగా మారుతుందన్న పాఠం అప్పుడే కళ్లముందు ఉంది. కానీ దాన్ని టెఫ్లాన్ దోషంగానే చూశారు తప్ప పొడి దోషంగా చూడలేదు.

1976లో అమెరికన్ సర్జన్ విలియం హారిస్ బృందం, తుంటి మార్పిడి తర్వాత తొడ ఎముకలో పెద్ద పెద్ద ఖాళీలు పడిన కేసులను వివరించింది. కీలును ఎముకకు అతికించడానికి అక్రిలిక్ సిమెంట్ వాడే రోజులవి. ఖాళీల దగ్గర సిమెంట్ ముక్కలు కనపడేసరికి అనుమానం అటే మళ్లింది. 1987 నాటికి దీనికి ‘సిమెంట్ రోగం’ అన్న పేరు కూడా స్థిరపడింది. సరే, సిమెంటే తీసేద్దామని, ఎముక తానే అల్లుకుపోయేలా గరుకు ఉపరితలం ఉన్న కీళ్లు తెచ్చారు. వాటి చుట్టూ కూడా ఎముక కరిగింది!

నిజానికి పదేళ్ల ముందే, 1977లో, విల్లెర్ట్, సెమ్లిట్ష్ అనే ఇద్దరు అసలు సంగతికి చాలా దగ్గరగా వచ్చారు. అరిగిన పొడిని కీలు చుట్టూ ఉన్న కణజాలం ఎప్పటికప్పుడు తొలగిస్తూ ఉంటుంది, ఆ వేగాన్ని మించి పొడి పుడితే అది ఎముకలోకి పాకుతుంది అని వాళ్లు చెప్పారు. 1983లో గోల్డ్‌రింగ్ బృందం వదులైన కీలుకూ ఎముకకూ మధ్య పెరిగిన పొరను పరీక్షించి, అందులోని కణాలు ఎముకను కరిగించగల రసాయనాలను తయారుచేస్తున్నాయని చూపించింది. ఇవన్నీ అచ్చులో ఉండగానే సిమెంట్ పేరు నిలబడిపోవడం బాధ కలిగించే విషయం. ఆ తర్వాతే ‘నలుసుల రోగం’ అన్న మాట వాడుకలోకి వచ్చింది.

ప్రధానంగా ప్లాస్టిక్ పొడే కారణమని తేలాక చాలామంది లోహం వైపు చూశారు. బంతీ లోహమే, గిన్నె కూడా లోహమే. ఇది 1960లలో ఒకసారి వచ్చి వెనకబడిన ఆలోచనే. 1980ల చివర్లో స్విట్జర్లాండ్‌లోనూ, 1990లలో బర్మింగ్‌హామ్‌లోనూ మెరుగైన కోబాల్ట్-క్రోమియం మిశ్రమంతో తిరిగొచ్చింది. అరిగే పరిమాణం ప్లాస్టిక్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ 1998లో డోర్న్ బృందం రోగుల కణజాలం నుంచి ఆ పొడిని వేరుచేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టింది. నలుసుల్లో ఎక్కువ భాగం 50 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) లోపువే. వాటి సంఖ్య ప్లాస్టిక్ నలుసుల కంటే ఏడాదికి 13 నుంచి 500 రెట్లు ఎక్కువ ఉండొచ్చని అంచనా వేసింది. తూకం వేస్తే తక్కువ, లెక్కపెడితే ఎక్కువ. కణాలకు తూకం తెలియదు. ఒక్కో నలుసూ వాటికి ఒక్కో పని.

ఇంతకీ కణాల దగ్గర ఏం జరుగుతుంది? మొదట వచ్చేవి మాక్రోఫేజ్‌లు, శరీరంలో చెత్త ఊడ్చే కణాలు. బ్యాక్టీరియాను మింగి అరిగించుకున్నట్టే లోహపు నలుసునూ మింగుతాయి. అరగదు. నలుసు చేరిన జీర్ణసంచి దెబ్బతింటే లోపలి రసాలు కణంలోకి కారతాయి, దాంతో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే అలారం వ్యవస్థ మోగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ వంటి వాపు సంకేతాలు బయటికి వస్తాయి. ఆ కణం చచ్చిపోతే నలుసు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది. ఈ చక్రానికి ముగింపు లేదు.

ఎముక చచ్చుపదార్థం కాదు, నిత్యం కరుగుతూ కడుతూ ఉండే కణజాలం. కట్టేవి ఆస్టియోబ్లాస్ట్‌లు, కరిగించేవి ఆస్టియోక్లాస్ట్‌లు. ఈ రెండింటినీ జోడించే సంకేతం ర్యాంక్ లైగాండ్ అనే ప్రోటీన్ అని 1990ల చివర్లో తెలిసింది. ఎక్స్‌రేలోని ఖాళీలకు అర్థం దొరికింది అప్పుడే. వాపు సంకేతాలు అందగానే ఆ ప్రోటీన్ పెరుగుతుంది, కరిగించే కణాలు గుంపులుగా పుడతాయి.

కథ అక్కడితో అయిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ ఎముకను కట్టే కణాలు కూడా చూస్తూ ఊరుకునేవి కావు. కీళ్ల తయారీలో వాడే ఇంకో లోహం టైటానియం. దాని పొడి తగిలిన ఆస్టియోబ్లాస్ట్‌లు దాన్ని మింగుతాయని, ఎముకకు అల్లికలాంటి కొల్లాజెన్ తయారీని తగ్గించేస్తాయని ప్రయోగశాలల్లో గమనించారు. ఎముకగా మారాల్సిన మూలకణాలు కూడా ఆ పొడి సమక్షంలో మందగిస్తాయి. అంటే కరిగించేవాళ్లు పెరగడమే కాదు, కట్టేవాళ్లు తగ్గుతున్నారు. ఇది టైటానియం విషయంలో మరీ ఆశ్చర్యం. 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ కుందేళ్ల ఎముకల్లో గమనించినట్టు, టైటానియం గట్టి ముక్కగా ఉంటే ఎముక దాన్ని సొంతమనుకుని అతుక్కుపోతుంది.

కోబాల్ట్‌ది ఇంకో దారి. అది నలుసుగా మాత్రమే ఉండదు, కరిగి అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులుగా, మారుతుంది. బ్యాక్టీరియాను పసిగట్టే టీఎల్ఆర్4 అనే గ్రాహకాన్ని ఆ అయాన్లే నేరుగా తట్టిలేపగలవు. బ్యాక్టీరియా లేకుండానే శరీరం పోరాటానికి దిగుతుంది. కొందరిలో లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు కూడా చేరి, కీలు పక్కన కణితిలాంటి ముద్దలు పెరుగుతాయి. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు 2008లో ఇలాంటి కేసులను వివరించారు. ప్రయోగశాల ఫలితాల విషయంలో ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నలుసుల ఉపరితలానికి బ్యాక్టీరియా విషపదార్థం అంటుకుని ఉంటే ప్రభావం చాలా ఎక్కువగా కనిపిస్తుంది, శుభ్రం చేస్తే బాగా తగ్గుతుంది. దీన్ని పరీక్షించకుండా చేసిన పాత ప్రయోగాలను ఆ మేరకు తగ్గించి చదువుకోవాలి.

2010 ఆగస్టులో డీప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ లోహపు తుంటి కీళ్లను వెనక్కి పిలిచింది. అప్పటికి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 93,000 అమర్చారు. అదే ఏడాది బ్రిటన్ నియంత్రణ సంస్థ, రక్తంలో కోబాల్ట్ గానీ క్రోమియం గానీ లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే ఇంకా లోతుగా పరీక్షించాలని సూచించింది. లోహంపై లోహం ఆడే పెద్ద బంతి కీళ్లు దాదాపు కనుమరుగయ్యాయి.

ఇప్పుడు గిన్నెలకు రేడియేషన్‌తో గట్టిపరిచిన పాలిథిలిన్ వాడుతున్నారు, బంతులకు సిరామిక్ కూడా వస్తోంది. ప్లాస్టిక్ పొడి వల్ల ఎముక కరగడం బాగా తగ్గింది. కానీ లోహపు బంతి కాడకు బిగిసే మెడ దగ్గర సన్నటి కదలిక, తుప్పు కలిసి ఇంకా నలుసులను పుట్టిస్తూనే ఉన్నాయి. ర్యాంక్ లైగాండ్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ మందును కూడా ఈ సమస్యపై పరీక్షించారు. అన్నిటికంటే పరిశోధకులను ఆపేస్తున్న ప్రశ్న ఇంకొకటి. ఒకే రకం కీలు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉన్న ఇద్దరిలో ఒకరి ఎముక కరుగుతుంది, ఇంకొకరిది చెక్కుచెదరదు. ఆ తేడా నలుసులో లేదు కాబట్టి, ఇప్పుడు రోగుల జన్యువుల్లో వెతుకుతున్నారు.