చీటీ మీద మందు పేరు ఎవరిది?

విశాఖలో కేజీహెచ్ డౌన్ అంటే చాలు, దారి చెప్పనక్కర్లేదు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) నుంచి కిందికి దిగితే మందుల షాపులు, ల్యాబులు, చుట్టుపక్కల సందుల్లో క్లినిక్‌లు. ఒక సాయంత్రం అటువైపు ఒక క్లినిక్‌లో మా నాన్నగారి వంతు కోసం కూర్చున్నాం. నల్ల బ్యాగులతో ముగ్గురు మెడికల్ రెప్‌లు, అంటే మందుల కంపెనీల ప్రతినిధులు, మాకంటే ముందు లోపలికి వెళ్లి వచ్చారు. తర్వాత మా చేతికి వచ్చిన చీటీ అడుగున ఒక మాత్ర పేరు రంగుల్లో అచ్చయి ఉంది. డాక్టరుగారు పైన మొదట రాసిన మాత్ర కూడా అదే. సరైన మందే అయి ఉండవచ్చు. కానీ మందు మింగే మనిషికి ఆ అనుమానం రానే కూడదు.

మందుల కంపెనీలు ఇలా డాక్టర్ల చుట్టూ తిరగడానికి మూలం అర్ధశతాబ్దం వెనక ఉంది. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాకుండా, దాని తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందును ఇతర కంపెనీలూ తయారు చేయగలిగాయి కనుక మందులు చౌకయ్యాయి. అది దేశానికి జరిగిన గొప్ప మేలు. మన పక్కనున్న పరవాడ ఫార్మా సిటీ వంటివి తర్వాతి కాలంలో వెలిసింది ఆ పునాది మీదే. అయితే ఒకే మందును ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్మసాగాయి. వాటిలో ఏ పేరు అమ్ముడుపోవాలో తేల్చేది కొనే రోగి కాదు, రాసే డాక్టరు. అందుకే కంపెనీల ఖర్చు ఆ కలం చుట్టూ చేరింది. బ్రాండు పేర్లను దశలవారీగా తీసేయాలని మందుల పరిశ్రమ మీద కేంద్రం వేసిన హాథీ కమిటీ 1975లోనే చెప్పింది. అది అమలు కాలేదు.

డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం, నగదు తీసుకోరాదని భారత వైద్య మండలి 2009 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అది పుచ్చుకునే చేతిని మాత్రమే ఆపగలిగేది, ఇచ్చే కంపెనీ మీద మండలికి అధికారం ఉండేది కాదు. పైగా 2016లో వైద్యుల సంఘాలను ఆ నిబంధన నుంచి తప్పించారు. విడిగా డాక్టరుకు ఇవ్వకూడనిది సంఘానికి ఇవ్వవచ్చన్నమాట. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో పెద్ద తప్పు ఇదే.

ఇచ్చే చేతిని పట్టుకున్నది ఆదాయపు పన్ను శాఖ. ఇలాంటి కానుకలను వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదని 2012లో సర్క్యులర్ ఇచ్చింది. అపెక్స్ ల్యాబొరేటరీస్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జింకోవిట్ అనే విటమిన్ మాత్రల ప్రచారానికి ఆ కంపెనీ డాక్టర్లకు ఇచ్చినవి బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు, ల్యాప్‌టాప్‌లు. ఖర్చు 4.72 కోట్ల రూపాయల పైమాటే. 2022 ఫిబ్రవరి 22న కోర్టు శాఖ వాదననే సమర్థించింది. ఈ కానుకలు నిజానికి ఉచితం కావని, వాటి ఖర్చు మందు ధరలోనే కలుస్తుందని స్పష్టంగా చెప్పింది. అంటే డాక్టరుగారి ఇంట్లో ఫ్రిజ్‌కు డబ్బు కట్టింది కేజీహెచ్ డౌన్‌లో మందులు కొనే రోగి వంటివాడే.

ఆ తర్వాతా అడుగులు తడబడుతూనే ఉన్నాయి. వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో డాక్టర్ల కోసం తెచ్చిన కొత్త నియమావళిని మూడు వారాలకే పక్కన పెట్టి, మళ్లీ 2002 నాటి దానికే వెళ్లారు. కంపెనీల కోసం 2015 నుంచి ఉన్న స్వచ్ఛంద నియమావళి స్థానంలో 2024 మార్చిలో కొత్తది వచ్చింది. శాంపిళ్లకు హద్దు పెట్టింది: ఒక డాక్టరుకు ఒక మందువి ఏడాదికి పన్నెండు ప్యాకెట్లే. దీనికీ చట్టం బలం లేదు. ఫిర్యాదులు ముందుగా విచారించేది కంపెనీల సంఘాలే వేసుకున్న నైతిక కమిటీలు. మా నాన్నగారి చీటీ వంటిది చేత పట్టుకుని కంపెనీ మీద ఫిర్యాదు చేయాలంటే, విశాఖ మనిషి మొదట తలుపు తట్టాల్సింది ఆ కంపెనీ సభ్యత్వం ఉన్న సంఘానిదే.