రోయింగ్ పందేన్ని చెవికి చూపించడం: అపోహలు - వాస్తవాలు

రోయింగ్ పోటీ మీద శబ్దచిత్రం చేద్దామనుకునే మన కర్నూలు, నంద్యాల వైపు వాళ్లు రికార్డర్ పట్టుకుని మొదట పోయేది తుంగభద్ర మీది సుంకేసులకో, అవుకు రిజర్వాయరుకో. నీళ్లున్నాయి, పడవలున్నాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. ఇంటికొచ్చి వింటే చేపల వేటలా ఉంటుంది తప్ప పందెంలా ఉండదు.

అపోహ: పుట్టి, తెడ్డు చప్పుడు దొరికితే రోయింగ్ చప్పుడు దొరికినట్టే.

పుట్టిలో తెడ్డు చేతిలోనే ఆడుతుంది, దేనికీ బిగించి ఉండదు. రోయింగ్ పడవలో తెడ్డును, అంటే ఓర్‌ను, రిగ్గర్ (పడవ పక్కకు చాచి ఉండే చట్రం) చివరనున్న ఓర్‌లాక్‌లో బిగిస్తారు. సీటు చిన్న చక్రాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. ఓర్‌లాక్‌లో ఓర్ తిరిగినప్పుడు వచ్చే ‘టక్’, సీటు చక్రాల ‘సర్ర్’... పడవలో కూర్చున్నవాళ్ల చెవిలో మెదిలే చప్పుళ్లు ప్రధానంగా ఇవి. పుట్టిలో ఈ రెండూ లేవు. తుంగభద్ర ఒడ్డు గాలి, అలల తాకిడి వెనక పరుచుకోవడానికి పనికొస్తాయి, అంతే. అసలు పడవల కోసం హైదరాబాద్ హుస్సేన్ సాగర్ దాకా పోవాల్సిందే. కర్నూలు నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే.

అపోహ: నీళ్లు ఎంత చిమ్మితే అంత జోరు.

అందరూ చేసే తప్పు ఇదే, పైగా పెద్ద తప్పు. బాగా లాగే జట్టు నీళ్లను చిమ్మదు. పెద్దగా ‘ధబ్’మని వినిపించిందంటే బ్లేడు (ఓర్ చివరి పలక) సరిగ్గా దిగలేదనో, నీళ్లలో ఇరుక్కుందనో (రోయర్లు ‘క్రాబ్ పట్టింది’ అంటారు) తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. శబ్దచిత్రం నిండా అదే పెడితే, ఓడిపోతున్న జట్టు కథ చెబుతున్నట్టే.

ఒక్క స్ట్రోకును దగ్గరగా వినండి. బ్లేడు దిగేటప్పుడు పొట్టి ‘చుబ్’. లాగుతున్నంతసేపూ నీటి బరువే తప్ప పెద్ద చప్పుడు ఉండదు. చివర పిడిని కిందికి నొక్కి బ్లేడును పైకి తీసి, మణికట్టుతో తిప్పి బల్లపరుపు చేస్తారు. ‘టక్’ అనేది అక్కడే. తర్వాత సీటు చక్రాలు, బ్లేడు అంచు నుంచి రాలే చుక్కలు, పడవ అడుగున బుడగల గలగల. ఒక లాగుడు ముగిసి మరోటి మొదలయ్యే దాకా ఉండే ఈ ఖాళీని రికవరీ అంటారు. ఇందులోనే పడవ జారుతున్నట్టు వినేవాళ్లకు అనిపిస్తుంది. దాన్ని సంగీతంతో పూడ్చారా, వేగం చచ్చిపోతుంది.

ఇక లెక్క. నిమిషానికి 36 స్ట్రోకులంటే ఒక్కో స్ట్రోకు 1.67 సెకన్లు. అందులో లాగుడు సుమారు ముప్పావు సెకను, మిగతాది రికవరీ. సాధనలో నిమిషానికి 20 కొడితే స్ట్రోకుకు 3 సెకన్లు. అక్కడ లాగుడు ఒక సెకను అటూ ఇటూ, రికవరీ రెండు సెకన్లు. అంటే వేగం పెరిగితే ఎక్కువగా తగ్గేది రికవరీయే. సాధన క్లిప్పును సాఫ్ట్‌వేర్‌లో మొత్తంగా స్పీడు పెంచితే లాగుడు అర సెకనుకు కుదించుకుపోయి బొమ్మ పడవలా వినిపిస్తుంది. రికవరీ మధ్యలో కత్తిరించి, ఒక ముక్క తగ్గుతుండగా రెండోది పెరిగేలా 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్‌తో అతికించండి. లాగుడును వీలైనంత తక్కువ తాకండి.

ఎనిమిది మంది పడవ కావాలని ఒకే ‘టక్’ను ఎనిమిదిసార్లు ఒకదానిమీద ఒకటి పేర్చితే ఎనిమిది ఓర్లు రావు, ఒక ఓరే గట్టిగా మోగుతుంది. వేర్వేరు టేకులు తీసుకుని 10 నుంచి 30 మిల్లీసెకన్లు అటూ ఇటూ జరపండి.

అపోహ: జిమ్ములో రోయింగ్ మెషిన్ పక్కన మైకు పెడితే సరిపోతుంది.

ఆ ‘హూష్’ మెషిన్ లోపల తిరిగే చక్రం (ఫ్లైవీల్) గాలిది. నీటి మీద ఆ చప్పుడే లేదు. మెషిన్ మీద మనకు కావాల్సింది ఊపిరి. నోటికి జానెడు దూరంలో, ఒక పక్కగా, ఫ్లైవీల్‌కు వెన్ను చూపేలా కార్డియాయిడ్ మైకు (వెనక వైపు చప్పుడును అంతగా పట్టనిది) పెట్టండి. ఫ్యాన్, ఏసీ ఆపండి. పందెం వేగంలో చాలామంది స్ట్రోకుకు రెండుసార్లు ఊపిరి తీస్తారు కాబట్టి, నెమ్మదిగా లాగినప్పటి ఊపిరి తెచ్చి 36 మీద అతికిస్తే కుదరదు.

అపోహ: గెలుపు గీత దగ్గర జనం కేకలు ముందు నుంచి వినపడాలి.

రోయర్లు వెనక్కి తిరిగి కూర్చుని లాగుతారు. వాళ్ల ముఖం స్టార్ట్ వైపు, వీపు ఫినిష్ వైపు. ‘అటెన్షన్’ అనే పిలుపు, ఎర్ర లైటు పచ్చగా మారుతూ మోగే బజర్ ఎదురుగా వినిపిస్తాయి. జనం, అనౌన్సర్ వీపు వెనక నుంచి వస్తారు. మామూలు స్టీరియోలో వెనక అనేది ఉండదు కనుక, జనం చప్పుడులో 5 కిలోహెర్ట్జ్ పైన కాస్త తగ్గించి, రివర్బ్ (ప్రతిధ్వని) కొంచెం కలిపి మొదలుపెట్టండి. బైనారల్‌లో (హెడ్‌ఫోన్లలో ముందూ వెనకా తెలిసే రికార్డింగ్) చేయగలిగితే ఇంకా మంచిది. ఎనిమిది మంది పడవలో ముందుకు చూసేది, పడవకు దారి చూపుతూ జట్టుకు పిలుపులిచ్చే కాక్స్ ఒక్కరే. వాళ్ల గొంతు సీట్ల కింది చిన్న స్పీకర్లలోంచి వస్తుంది, స్టూడియో గొంతులా నిండుగా ఉండకూడదు. 300 నుంచి 3,500 హెర్ట్జ్ మధ్యకు కత్తిరించండి.

అపోహ: ఉత్కంఠకు గుండె చప్పుడు వేయాలి.

గుండె నిమిషానికి 180 కొడుతుంటే, 36 రేటులో స్ట్రోకుకు ఐదు దెబ్బలు. కింది పౌనఃపున్యాల్లో అంతా ముద్దయిపోతుంది. అంతగా కావాలంటే ఎర్ర లైటు వెలిగిన ఆ క్షణానికి దాచుకోండి.

అపోహ: ఫోనును ప్లాస్టిక్ కవర్లో చుట్టి పడవలో పడేస్తే చాలు.

కవరు చప్పుడే రికార్డవుతుంది. రిగ్గర్‌కు 27 మిల్లీమీటర్ల పీజో బిళ్లను (వణుకును విద్యుత్ సంకేతంగా మార్చే బిళ్ల) టేపుతో అంటించండి, ‘టక్’ శుభ్రంగా దొరుకుతుంది. పీజోకు ఒక మెగాఓమ్ ఇంపీడెన్స్ (విద్యుత్ నిరోధం) ఉన్న ఇన్‌పుట్ ఉండాలి. మామూలు మైకు సాకెట్లో గుచ్చితే బరువంతా పోయి రేకుడబ్బా శబ్దం వస్తుంది. పడవ పలుచని కార్బన్ ఒంటికి టేపు వేయొద్దు, అడక్కుండా అసలే వద్దు. సింగిల్ పడవ కనీస బరువే 14 కిలోలు, అందుకే రికార్డర్ చిన్నదై ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, శబ్ద శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర. గాలికి బొచ్చు తొడుగు తప్పనిసరి. మన జలాశయాల మీద పొద్దెక్కాక గాలి లేస్తుంది, తెల్లవారుజామునే ముగించుకోండి. నీటి లోపలి మైకు వాడేటప్పుడు కోచ్ మోటారు బోటు ఆగి ఉండాలి, దూరంగా ఉన్నా దాని రొద నీళ్లలో తరుముకొస్తుంది.

అపోహ: హారన్‌తో ముగించాలి.

పడవ ముక్కు గీత దాటిన ప్రతిసారీ ఒక హారన్, అంటే ఆరు పడవలకు ఆరు. మొదటి హారన్‌కే కట్ చేస్తే మిగతా ఐదుగురు మాయమైపోయినట్టుంటుంది. ఆరూ పోనివ్వండి. బ్లేడ్లు నీళ్ల మీద వాలతాయి, దగ్గులు, ఎవరిదో ఓకరింపు, తమ అలలే తిరిగొచ్చి పడవ పక్కల తట్టడం. దీనికి ముప్పై నలభై సెకన్లు అట్టిపెట్టండి.