నిద్రాణ క్షయ బ్యాక్టీరియా ఆనవాలు పట్టే యాంటీబాడీలు

చెన్నైలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో క్షయ మాట వచ్చినప్పుడల్లా ‘దగ్గు తగ్గాక కూడా ఆర్నెల్లు మందులు మింగడం దేనికి?’ అన్న ప్రశ్న వినిపిస్తుంది. రోగిని శానటోరియంలో ఉంచకుండా ఇంటి దగ్గరే మందులతో నయం చేయవచ్చని 1959లో ప్రపంచానికి చూపిన అధ్యయనం ఈ ఊళ్లోనే, చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన కేంద్రం ఆధ్వర్యంలో జరిగింది. అయినా చికిత్స నెలల తరబడి సాగక తప్పదు. కొన్ని బ్యాక్టీరియా పెరుగుదల ఆపి నిద్రాణస్థితిలోకి జారుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. కణకవచ నిర్మాణాన్ని అడ్డుకునే క్షయ మందు ఐసోనియాజిడ్, కవచం కట్టుకోవడమే మానేసిన బ్యాక్టీరియాపై పెద్దగా పనిచేయదు.

ఈ స్థితిని ప్రయోగశాలలో కల్పించడానికి సూక్ష్మజీవి శాస్త్రవేత్త లారెన్స్ వేన్ రూపొందించిన పద్ధతిని వాడతారు. బిగుతుగా మూసిన గొట్టంలో బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని నెమ్మదిగా కలుపుతూ ఉంచితే బ్యాక్టీరియా లోపలి ఆక్సిజన్‌ను క్రమంగా వాడేసుకుంటుంది. మిథిలిన్ బ్లూ రంగు వెలిసిపోవడం ఆక్సిజన్ అడుగంటిందనడానికి గుర్తు. ఈ కొరతను డాస్‌ఎస్, డాస్‌టీ ప్రొటీన్లు పసిగట్టి డాస్‌ఆర్‌కు సంకేతమిస్తే, జన్యువులను నియంత్రించే ఆ ప్రొటీన్ దాదాపు 50 జన్యువులను పనిలోకి దింపుతుంది. వాటిలో ఒకదాని నుంచి వచ్చే హెచ్‌ఎస్‌పీఎక్స్ అనే 16 కిలోడాల్టన్ల ప్రొటీన్, మన కంటి కటకంలోని ఆల్ఫా క్రిస్టలిన్‌కు బంధువు, కణంలో భారీగా పేరుకుంటుంది. దీనికి మాత్రమే అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలు (ఒకే లక్ష్యాన్ని పట్టే, అన్నీ ఒకేలా ఉండే ప్రొటీన్లు) పరిశోధకుల చేతిలో ఉన్నాయి. అటువంటి యాంటీబాడీల తయారీ విధానాన్ని శాస్త్రవేత్తలు కోలర్, మిల్‌స్టీన్‌లు 1975లో ప్రకటించారు.

బ్యాక్టీరియాను సన్నని గాజుపూసలతో చితక్కొట్టి, బయటికొచ్చిన ప్రొటీన్లను జెల్‌పై పరిమాణాన్నిబట్టి విడదీసి, పల్చటి పొరపైకి ఎక్కించి యాంటీబాడీని తగిలిస్తే, బాగా పెరుగుతున్న నమూనాలో దాదాపు ఖాళీగా కనిపించే చోట ఆక్సిజన్ అందని నమూనాలో దట్టమైన పట్టీ తేలుతుంది. అయితే నా దృష్టిలో ఆ పట్టీకన్నా విలువైనది, హెచ్‌ఎస్‌పీఎక్స్ జన్యువును తొలగించిన బ్యాక్టీరియాను పక్కనే పెట్టి చూడడం. అక్కడా పట్టీ కనిపిస్తే యాంటీబాడీ వేరే దేనికో అంటుకుంటోందన్నమాట, ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. నైట్రిక్ ఆక్సైడ్ తగిలినా డాస్‌ఆర్ స్పందిస్తుంది కనుక, ఈ ప్రొటీన్ కనిపించినంత మాత్రాన బ్యాక్టీరియా నిద్రపోయిందని తేల్చలేము; పెరుగుదల నిజంగా ఆగిందో లేదో విడిగా కొలవాలి. ఈ పరిశోధన యాంటీబాడీలను రోగి రక్తంలోని యాంటీబాడీలతో కలగాపులగం చేయడం కూడా సరికాదు. రక్తంలోని వాటిని బట్టి క్షయను నిర్ధారించే వాణిజ్య పరీక్షలు నమ్మదగినవి కావని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించగా, 2012లో భారత ప్రభుత్వం వాటిని నిషేధించింది.

యాంటీబాడీకి వెలిగే రంగు తగిలించి సూక్ష్మదర్శిని కింద ఒక్కో కణాన్ని చూడాలంటే చిక్కు మరింత పెరుగుతుంది. హెచ్‌ఎస్‌పీఎక్స్ ఎక్కువగా కణం లోపలే ఉంటుంది, మైనం వంటి కవచం యాంటీబాడీని లోపలికి రానివ్వదు. కవచాన్ని తగినంతగా సడలించకపోతే నిద్రాణ కణం కూడా చీకటిగానే కనిపిస్తుంది. అందుకే ఆ ప్రొటీన్ ఉన్నట్టు ముందే తేలిన కణాలను కూడా అదే పద్ధతిలో సిద్ధంచేసి, అవి వెలుగుతున్నాయో లేదో మొదట చూసుకుంటారు.