ఒక్క ల్యాప్ కోసం పుట్టిన డ్రోన్

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్ మీద మాక్స్ వెర్‌స్టాపెన్ ఫార్ములా వన్ కారు నడుపుతుంటే, ఒక డ్రోన్ వెనకాలే, పక్కనే, ఒక్కోసారి నెత్తిమీదే ల్యాప్ పొడవునా, అంటే ట్రాక్ ఒక పూర్తి చుట్టంతా, వెంటపడింది. దాని కింద మీరు రాసిన ప్రశ్న నన్ను రెండు రోజులు పట్టుకుంది: ‘తాతయ్యా, మన డ్రోన్ అయిదారు నిమిషాలు ఎగురుతుంది కదా, గంటకు 350 కిలోమీటర్లు పోయే ఆ డ్రోన్ మూడు నిమిషాలకే దిగిపోవడం ఏమిటి?’ ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక మాట గుర్తుచేస్తాను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు మిమ్మల్ని తీసుకెళ్లాను. కంచె దగ్గర గంటల తరబడి నిలబడ్డాం. సన్నని ఈలలాంటి చప్పుడు వినిపించి మెడ తిప్పేలోపు కారు దాటిపోయేది. ఇంటికొచ్చి టీవీలో చూస్తే అవే కార్లు నింపాదిగా పోతున్నట్టు అనిపించాయి. ఎక్కడో దూరంగా, ఎత్తున ఉన్న కెమెరా కారుతోపాటే తిరుగుతుంటే వేగం చచ్చిపోతుంది. నేల దగ్గరగా, కారుతో సమానంగా పరుగెత్తే కెమెరాకే ఆ వేగం దొరుకుతుంది. సిల్వర్‌స్టోన్ వీడియోలో తడి ట్రాక్ మీద చక్రాలు లేపిన తుంపర మన ముఖాన పడుతున్నట్టు ఉంది చూడండి, ఆ పని చేయడానికే ఈ డ్రోన్ పుట్టింది.

మామూలు సినిమా డ్రోన్లతో ఇది కాదు. మంచి పేరున్న ఇన్‌స్పైర్ 3 కూడా గంటకు 94 కిలోమీటర్లు దాటదు. అందుకే డచ్ డ్రోన్ గాడ్స్ అనే నెదర్లాండ్స్ బృందం, వెర్‌స్టాపెన్ జట్టయిన రెడ్ బుల్ ఇంజినీర్ల సాయంతో ఏడాదికి పైగా కష్టపడి కొత్తగా ఒకటి తయారుచేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ వీడియో బయటికొచ్చింది. నడిపినవాడు రాల్ఫ్ హోగెన్‌బిర్క్. ఆ డ్రోన్ నిలబడ్డచోటి నుంచి 300 కిలోమీటర్ల వేగానికి నాలుగు సెకన్లలో చేరుతుంది. ఫార్ములా వన్ కారుకు కూడా అది సాధ్యం కాదు.

ఇక మీ ప్రశ్న. దీనికి జవాబు గాలిలో ఉంది. స్కూటర్ మీద నా వెనక కూర్చుని చెయ్యి బయటికి చాపేవారు గుర్తుందా? నెమ్మదిగా పోతున్నప్పుడు గాలి చేతిని నిమిరేది, జోరుగా పోతున్నప్పుడు వెనక్కి విరిచేసేది. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలు అవుతుంది. ఆ అడ్డును రెండింతల వేగంతో తోసుకుంటూ పోవాలి కాబట్టి మోటార్లు పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు. 100 నుంచి 300 కిలోమీటర్లకు వెళ్లాలంటే ఇరవై ఏడింతలు! ఒక కుండ నీళ్లను ఒక గ్లాసుతో తోడుకోవడం వేరు, కుండనే బోర్లించడం వేరు. బ్యాటరీ విషయంలో ఆ డ్రోన్ కుండను బోర్లిస్తోంది.

అలాంటప్పుడు పెద్ద బ్యాటరీ పెట్టవచ్చు కదా అంటారు. బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే మలుపు దగ్గర తిరగడానికి, ఆగడానికి ఎక్కువ బలం కావాలి, ఆ బలం మళ్లీ అదే బ్యాటరీ నుంచి రావాలి. కారుకు నేలను పట్టుకునే టైర్లు ఉన్నాయి, పైనుంచి అదిమిపెట్టే రెక్కలు ఉన్నాయి. డ్రోన్‌కు పట్టుకోవడానికి ఏముంది? తన ప్రొపెల్లర్ల తోపుడు తప్ప ఏమీ లేదు. సిల్వర్‌స్టోన్ ఒక చుట్టు 5.891 కిలోమీటర్లు. పొడి ట్రాక్ మీద ఫార్ములా వన్ కారు దాన్ని ఒకటిన్నర నిమిషంలో చుట్టేస్తుంది, తడిగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. పైకి లేవడానికి, కారును అందుకోవడానికి, భద్రంగా దిగడానికి కొంత సమయం కలుపుకోండి. మూడు నిమిషాలు సరిపోతాయి. నాలుగో నిమిషం కోసం మోసే ప్రతి గ్రాము బరువూ మలుపులో కారును చేజార్చుకునేలా చేస్తుంది. ఆ బృందం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ లెక్క.

మీ అయిదంగుళాల డ్రోన్ ప్రొపెల్లర్ తీసి చూడండి. మధ్యలో 5, 4.3 అని అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం. రెండోది, ఒక చుట్టు తిరిగితే గాలిలో ఎన్ని అంగుళాలు ముందుకు మరలాలో చెప్పేది, చెక్కలోకి దిగే మరమేకులాగా. 4.3 అంగుళాలంటే సుమారు 11 సెంటీమీటర్లు. నిమిషానికి 30,000 చుట్లు తిరిగిందనుకోండి, నిమిషానికి 3,300 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్ల లోపే. బ్యాటరీ ఎంత గొప్పదైనా ఆ ప్రొపెల్లర్‌తో 350 రాదు. ఇంకా వేగంగా తిరగాలి, లేదా రెక్క వాలు పెరగాలి. రెండిట్లో ఏది చేసినా మోటార్ మీద భారం పడుతుంది.

మోటార్ల దగ్గర నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి. ముప్ఫై అయిదేళ్లు బోరు మోటార్లకు వైండింగ్ చేశాను. మీరు కిందటి వేసవిలో కాలిపోయిందని నా చేతికిచ్చిన చిన్న మోటార్‌ను ఆ రాత్రి విప్పాను. పన్నెండు పళ్లు, వాటికి రాగి తీగ చుట్లు, చుట్టూ పద్నాలుగు అయస్కాంతాలు. ఉసిరికాయంత మోటార్ అది. కానీ తీగ మీది వార్నిష్ కమిలిన వాసన మాత్రం అచ్చం నా షెడ్డులో వచ్చే వాసనే. మూడు చుట్లు నల్లబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కరెంటు రెండింతలైతే తీగలో వేడి నాలుగింతలు అవుతుంది. పొలంలోని మోటార్‌కైనా సిల్వర్‌స్టోన్ డ్రోన్‌కైనా ఈ నియమం ఒక్కటే. మీరు డ్రోన్ దింపగానే మోటార్ మీద వేలు పెట్టి చూడండి. ఒక క్షణం కూడా ఆనించలేకపోతే ప్రొపెల్లర్ దానికి మించిన భారం అయిందని అర్థం.

ఆకారం గురించి కూడా అడిగారు. మామూలు డ్రోన్ పళ్లెంలా ఉంటుంది. జోరుగా పోవాలంటే ముందుకు వంగాలి, వంగితే పళ్లెం వెడల్పంతా గాలికి ఎదురవుతుంది. అందుకని ఈ వేగపు డ్రోన్లను తుపాకీ గుండులా కోలగా చేస్తారు. రాకెట్‌లా నిలబడి లేస్తాయి, తర్వాత దాదాపు పడుకుని దూసుకుపోతాయి. దక్షిణాఫ్రికాలో లూక్ బెల్, ఆయన తండ్రి మైక్ కలిసి ఇంట్లోనే తయారుచేసిన గుండు ఆకారపు డ్రోన్ 2024లో గంటకు 480.23 కిలోమీటర్లు అందుకుని గిన్నిస్ రికార్డు సాధించింది. నాకు ఆ తండ్రీకొడుకుల మీద చాలా గౌరవం. అయితే తిన్నగా దూసుకుపోవడం ఒక పని, కారును కెమెరా చట్రంలో ఉంచి దూసుకుపోవడం ఇంకో పని.

ఎందుకంటారా? కెమెరా డ్రోన్ ఒంటికి బిగించి ఉంటుంది. డ్రోన్ పడుకుని పోతున్నప్పుడు ముందుకు చూసేలా దాన్ని అమరుస్తారు. మలుపు రాగానే కారు 300 నుంచి 100కు పడిపోతుంది. డ్రోన్ కూడా వేగం తగ్గాలంటే ఒళ్లు పైకి లేపాలి. ఒళ్లు లేస్తే కెమెరా ఆకాశం చూస్తుంది, కారు మాయం! కెమెరా కోణాన్ని అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా ఎంచుకోవాలి, వెడల్పుగా చూసే లెన్స్ పెట్టాలి. మిగిలినదంతా నడిపేవాడి చేతిలో ఉంది. పైగా డ్రోన్ కెమెరా చూసేది నడిపేవాడికి కళ్లద్దాల్లాంటి తెరలో కనిపిస్తుంది, ఆ బొమ్మ సెకనులో నూటికి మూడు వంతులు ఆలస్యమైనా, 300 వేగంలో డ్రోన్ అప్పటికే రెండున్నర మీటర్లు ముందుకెళ్లిపోయి ఉంటుంది. అంటే అతను చూస్తున్నది గడిచిపోయిన చోటు. ట్రాక్‌ను గుండెలో అచ్చు వేసుకుంటే తప్ప అలా నడపలేడు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. 2015 డిసెంబరులో ఇటలీలో మంచు మీద స్కీయింగ్ పోటీ జరుగుతుండగా కెమెరా డ్రోన్ ఒకటి మార్సెల్ హిర్షర్ అనే క్రీడాకారుడి వెనకే పడి ముక్కలైంది. ఆయనకు తప్పింది త్రుటిలో. సిల్వర్‌స్టోన్‌లో తీసింది కూడా పందెంలో కాదు, ఒక్క కారును విడిగా నడిపిస్తూ. మనుషుల నెత్తిన ఎప్పుడూ ఎగరేయకండి. కళ్లద్దాలు ఒకరు పెట్టుకుంటే, రెండోవారు పక్కన నిలబడి ఆకాశం చూడాలి. బయలుదేరే ముందు, డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో ప్రభుత్వం చూపే డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఆకుపచ్చగా ఉందో లేదో చూడండి, అక్కడ కూడా 120 మీటర్లు దాటవద్దు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం అస్సలు చార్జింగ్ పెట్టవద్దు. పోయినసారి మీరు వదిలివెళ్లినదాన్ని ఇసుక బకెట్‌లో పెట్టి పెరట్లో ఉంచాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు డ్రోన్‌ను, ఆ కాలిన మోటార్‌కు సరిపడే కొత్త రాగి తీగను తీసుకురండి. ముగ్గురం కలిసి చుడదాం. చెరువుగట్టు కింద ఖాళీ మడి ఉంది. అక్కడ ఒకరు సైకిలు తొక్కితే, ఇంకొకరు దాని ముందు చక్రం చట్రం దాటిపోకుండా ఒక పూర్తి చుట్టు తీయాలి. గంటకు పదిహేను కిలోమీటర్ల సైకిలే కదా అనుకుంటారు, మలుపు దగ్గర చూడండి ఏమవుతుందో. సైకిలు చక్రాలకు గాలి కొట్టించి ఉంచుతాను.

ప్రేమతో,
మీ తాతయ్య