టెలికాం పరికరాల షేర్లు: అపోహలు - వాస్తవాలు

నోకియానా, ఎరిక్సనా, తేజసా? ఏది కొనమంటారు అని క్లయింట్లు అడుగుతుంటారు. నేను ఎదురడిగేది ఒకటే: వీళ్ల సరుకు కొనే టెల్కోల (ఫోన్, ఇంటర్నెట్ సేవలందించే కంపెనీల) చేతిలో ఈ ఏడాది డబ్బులున్నాయా?

అపోహ: ఆర్డర్ బుక్ (చేతిలో ఉన్న ఆర్డర్ల చిట్టా) నిండుగా ఉంటే ఢోకా లేదు.

వాస్తవం: తేజస్ నెట్‌వర్క్స్‌నే తీసుకోండి. బీఎస్ఎన్ఎల్ 4జీ కోసం 2023లో టీసీఎస్ నుంచి లక్ష టవర్ సైట్లకు 7,492 కోట్ల రూపాయల ఆర్డర్ వచ్చింది. 2024-25లో అమ్మకాలు దాదాపు 8,900 కోట్లకు చేరాయి. ఆ సరఫరా ముగింపుకొచ్చేసరికి, 2025 ఏప్రిల్-జూన్ క్వార్టర్లో అమ్మకాలు 202 కోట్లు, నష్టం 194 కోట్లు. టెక్నాలజీ రాత్రికి రాత్రి పాడైపోలేదు, పెద్ద కస్టమర్ కొనడం ఆపాడంతే. గడిచిన నాలుగు క్వార్టర్ల లాభం మీద పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క) కడితే, ఇలాంటి షేరు కొనకూడని సమయంలోనే చవగ్గా కనిపిస్తుంది.

అపోహ: అమ్మకం అయిందంటే డబ్బు వచ్చినట్టే.

వాస్తవం: వొడాఫోన్ ఐడియా 2024లో నోకియా, ఎరిక్సన్ భారత సంస్థల పాత బాకీల్లో కొంత భాగానికి నగదు కాదు, తన షేర్లే ఇచ్చింది. ఒక్కోటి 14.80 రూపాయల చొప్పున మొత్తం 2,458 కోట్ల విలువైనవి! అందుకే బ్యాలెన్స్ షీట్ తెరిస్తే నా కళ్లు ముందు ట్రేడ్ రిసీవబుల్స్ (కస్టమర్ల నుంచి ఇంకా రావాల్సిన బకాయిలు) మీదికే పోతాయి. అమ్మకాల కన్నా బకాయిలు వేగంగా పెరుగుతుంటే, లాభం ఎంత బాగున్నా నేను ఆగిపోతాను.

అపోహ: టెక్నాలజీలో ముందున్న కంపెనీ షేరు కొంటే చాలు.

వాస్తవం: కెనడా టెలికాం పరికరాల దిగ్గజం నార్టెల్ 2009లో దివాలా తీసింది. దాని పేటెంట్లు 2011లో 450 కోట్ల డాలర్లు పలికాయి, ఆ సొమ్ము అప్పులవాళ్లకు, దివాలా ఖర్చులకే పోయింది. వాటాదారులకు దక్కింది శూన్యం.

అపోహ: దిగ్గజాన్ని ఏ ధరకు కొన్నా చివరికి గట్టెక్కుతాం.

వాస్తవం: అమెరికా నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో 2000 మార్చిలో తాకిన గరిష్ఠ ముగింపు ధరను మళ్లీ చూడటానికి 2025 డిసెంబర్ దాకా పట్టింది. కంపెనీ మాత్రం ఆ పాతికేళ్లలో, 2001 ఆర్థిక సంవత్సరం మినహా, ఏటా లాభాలు గడిస్తూనే ఉంది. డివిడెండ్లు కలిపితే నొప్పి కాస్త తగ్గుతుంది, అంతే.

అపోహ: చైనా పరికరాల కంపెనీ హువావేని చాలా దేశాలు పక్కన పెట్టాయి కాబట్టి మిగతావాళ్లు అడిగిందే రేటు.

వాస్తవం: కొనేవాళ్లే గుప్పెడు మంది. మన దేశంలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్. అందులో జియో 5జీ కోర్‌ను (నెట్‌వర్క్‌ను నడిపే కేంద్ర వ్యవస్థను) సొంతంగానే తయారు చేసుకుంది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2023 డిసెంబర్లో ఐదేళ్లకు సుమారు 1,400 కోట్ల డాలర్ల పనిని ఎరిక్సన్‌కి కట్టబెడితే, అప్పటిదాకా ఏటీ అండ్ టీకి సరఫరా చేస్తున్న నోకియా షేరు ఆ వార్తకే పడింది. అక్కడ పోయిన చోటు మళ్లీ దొరకాలంటే ఏళ్లు పడుతుంది.

అన్నట్టు, నోకియా అంటే ఫోన్లు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ వ్యాపారం 2014లోనే మైక్రోసాఫ్ట్‌కి అమ్మేసింది.